బావ పోసే గుండ్లు, మనం పోసే గుండ్లు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ అవతల సముద్రం ఒడ్డు పల్లె. తాతల నాటి నుంచీ వేటే. నేను మాత్రం బరంపురంలో ఒక షోరూంలో పనిచేస్తూ, ఆదివారాలూ సెలవురోజులూ ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగలో విసురు వల వేస్తుంటాను. మా అక్క మొగుడు టెక్సాస్‌లో ఉంటాడు. ఆయన తుపాకీ గుండ్లు ఇంట్లోనే సీసం కరిగించి పోసుకుంటాడు. వీడియో కాల్‌లో అంతా చూపించాడు. సగానికి సగం డబ్బు మిగులుతుందట. అది చూసిన దగ్గర్నుంచి నా వల గుండ్లు నేనే పోసుకుందామని మనసు లాగుతోంది. నా వలకి నాలుగు కిలోల సీసం పడుతుంది. కొట్లో తయారు గుండ్లు కిలో 320 రూపాయలు, పాత సామాన్ల కొట్లో సీసం కిలో 180. పంక్చర్ షాపు కుర్రాడు, చక్రాలు తిరిగేటప్పుడు అదరకుండా వాటి అంచుకి కొట్టే సీసం బరువులు ఇస్తానంటున్నాడు. బ్యాటరీ షాపులో స్నేహితుడు పాత బ్యాటరీలు ఊరికే పట్టుకెళ్ళమంటున్నాడు. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది. మాకు నాలుగేళ్ళ పాప ఉంది, ఆవిడకి ఇప్పుడు ఐదో నెల. ఇది చాలదన్నట్టు పర్లాకిమిడి మావయ్య, ఆయనకి లైసెన్సు తుపాకీ ఉంది, "ఎలాగూ పొయ్యి వెలిగిస్తావు కదా, నాకూ ఓ వంద గుండ్లు పోసిపెట్టు" అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: తమ్ముడూ, చిక్కంతా ఆ 'గుండు' అన్న మాటలోనే ఉంది. తుపాకీలోంచి దూసుకెళ్ళేదీ గుండే, వల అంచున వేలాడేదీ గుండే. లోహం ఒకటే, కరిగించే మూకుడు ఒకటే, పేరూ ఒకటే కావడంతో బావ లెక్క మీకూ సరిపోతుందనుకున్నారు. సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే ముందు ఆయన లెక్క విప్పి చూడాలి.

అయితే ఒక మాట. మీకు కలిగిన ఆశని నేను వెక్కిరించను. ఐటీఐలో మోల్డింగ్ పాఠం చెప్పి రిటైరైన వాణ్ణి. బూడిద రంగులో మొద్దుగా పడి ఉన్న లోహం కాసేపటికి అద్దంలా మెరుస్తూ అచ్చులోకి దిగడం, అచ్చు విప్పగానే వేడివేడిగా తళతళలాడుతూ వస్తువు చేతికి రావడం, దాని రుచి ఒకసారి తగిలినవాడికి వదలదు. ఇనుముకైతే పెద్ద కొలిమి కావాలి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. అందుకే పెరట్లో పనికి దీన్ని మించిన లోహం లేదనిపిస్తుంది. ఆ సుళువే దీని మోసం కూడా.

ఇక బావ లెక్క. ఆయన తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పురవ్వ పుట్టించే చిన్న మూత, లోపల మందు, ముందు గుండు. కాల్చాక గొట్టం మళ్ళీ చేతికొస్తుంది. మూతా మందూ కొనక తప్పదు. ఇంట్లో తయారుచేసుకోగలిగింది ఆ ముందు ముక్క ఒక్కటే. వాళ్ళు గుండు బరువు గ్రెయిన్లలో కొలుస్తారు, ఒక పౌనుకి 7000 గ్రెయిన్లు. రివాల్వర్‌కి మామూలుగా వాడే 158 గ్రెయిన్ల గుండ్లయితే పౌను సీసానికి 44 వస్తాయి. అంటే మన కిలోకి సుమారు 97. టైర్ల షాపులవాళ్ళు పాత చక్రాల బరువుల్ని కారు చవగ్గా వదిలించుకునే రోజుల్లో ఒక్కో గుండు ఖర్చు నిజంగానే పైసల్లో ఉండేది. 2013లోనూ, మళ్ళీ 2020లోనూ అక్కడ తూటాలకి గట్టి కరువొచ్చింది, కొట్లలో అరలు ఖాళీ. అచ్చు ఉన్నవాడికి గుండు కోసం ఎవరి వాకిట్లోనూ నిలబడాల్సిన పని లేకపోయింది. నన్నడిగితే డబ్బు కంటే ఆ ధీమాయే వాళ్ళకి అసలు రుచి. డబ్బు మిగిలిందా అని బావని మొహం మీద అడగండి. ఇదివరకు నెలకి వంద కాల్చేవాడు ఇప్పుడు ఎన్ని కాలుస్తున్నాడో కూడా అడగండి. గుండు చవకైతే కాల్చడం పెరుగుతుంది, నెలాఖరుకి జేబులోంచి పోయేది అంతే పోతుంది. ఇంట్లో జంతికలు చేసుకుంటే చవకని మొదలెట్టి, డబ్బాలు డబ్బాలు తినేసినట్టు.

ఇప్పుడు అసలు తేడాకి వద్దాం. బావకి కావలసింది గట్టి సీసం. మెత్తటి సీసం గుండు తుపాకీ గొట్టంలోంచి వేగంగా పోయేటప్పుడు గొట్టం లోపలి గీతలకి పూసుకుపోతుంది. అందుకని సీసంలో ఆంటిమొనీ అనే లోహం, తగరం కలుపుతారు. వాళ్ళలో బాగా పేరున్న ఒక మిశ్రమంలో 90 పాళ్ళు సీసం, 5 తగరం, 5 ఆంటిమొనీ. చక్రాల బరువుల్లో ఆంటిమొనీ ముందే మూడు నాలుగు శాతం ఉంటుంది కాబట్టి ఆయన వాటికోసం వెతుక్కుంటాడు. మీకు కావలసింది దీనికి సరిగ్గా ఉల్టా. గుండుని తాడు చుట్టూ పట్టకారుతో నొక్కితే అది మైనంలా ముడుచుకోవాలి, పగలకూడదు. ఆంటిమొనీ కలిసిన సీసం గట్టిబడి, నొక్కేటప్పుడు మడత దగ్గర బీటలిస్తుంది. ఆ బీట అంచు మీ తాడుని కోస్తుంది. పంక్చర్ షాపు సీసం బావకి బంగారం, మీ వలకి శత్రువు.

పైగా ఈనాటి చక్రాల బరువులన్నీ సీసమూ కావు. యూరప్‌లో 2005 నుంచి కొత్త కార్లకి సీసం బరువులు నిషేధం. ఆ తర్వాత ఇనుమువీ జింకువీ ఎక్కువయ్యాయి, మనదాకా కూడా వచ్చాయి. ఇనుము మూకుట్లో పైకి తేలిపోతుంది, గరిటతో తీసి పారేయొచ్చు. జింకుతోనే గొడవ. అది 419 డిగ్రీలకి కరుగుతుంది. మంట కాస్త ఎగదోశారా, సీసంలో కలిసిపోయి మూకుడంతా నీళ్ళు తక్కువైన ఉప్మాలా అవుతుంది, అచ్చులోకి దిగదు. నాలుగు కిలోల్లో రెండు ముక్కలు చాలు ఆ పని చేయడానికి. ఆ కుర్రాడికి ఒక టీ ఇప్పించి, బరువులు వద్దని చెప్పండి.

బ్యాటరీ షాపు స్నేహితుడికి మాత్రం టీ కూడా ఇప్పించకండి. కోపంతో అంటున్నానని కాదు, కాస్త కోపంతోనే అంటున్నాను. సెనెగల్ దేశంలో డకార్ నగరం శివార్లలో తియరోయ్-సుర్-మేర్ అని సముద్రం ఒడ్డు ఊరుంది, మీ ఊరిలాగే పడవలూ వలలూ ఉన్న ఊరు. అక్కడివాళ్ళు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవారు. నేలలో కలిసిన సీసానికి కూడా ధర పలకడంతో ఆడవాళ్ళు ఆ మట్టిని తవ్వి, జల్లించి, బస్తాలకెత్తి అమ్మారు. ఆ దుమ్ము ఇళ్ళలోకీ పక్కల మీదకీ చేరింది. 2007 నవంబరుకీ 2008 మార్చికీ మధ్య 18 మంది చిన్నపిల్లలు చచ్చిపోయారు. మొదట్లో అది ఏ జబ్బో కూడా ఎవరికీ అంతుబట్టలేదు. బ్యాటరీ పలకల్లో ఉండేది మామూలు సీసం ముద్ద కాదు. యాసిడ్‌తో తడిసిన, చేత్తో ముట్టుకుంటే రాలే పొడి. కరిగిస్తే ఇల్లంతా ఘాటు, కరిగాక పైన కట్టే తెట్టుకి తడి తగిలితే ఇంకా పాడు వాయువులు. మన దేశంలో 2001 నుంచీ పాత బ్యాటరీలకి ప్రత్యేకంగా నిబంధనలున్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి. పాత బ్యాటరీ తిరిగి డీలరుకి, అక్కణ్ణుంచి అనుమతి ఉన్న కార్ఖానాకి పోవాలి. మీ పెరటికి రాకూడదు.

సరే, 180 రూపాయల పాత సీసంతోనే చేద్దామంటారు. పాత సామాన్ల కొట్లో సీసం ఏ తల్లి కన్న బిడ్డో కనుక్కోవడం కష్టం, అందులో కరిగించిన బ్యాటరీ సీసం కూడా ఉండొచ్చు. గోరుతో గీస్తే గీత పడేది, వంచితే చప్పుడు చేయకుండా వంగేది మెత్తది. అలాంటిది దొరికిందనే అనుకుని లెక్క వేద్దాం. కొట్టు గుండ్లయితే నాలుగు కిలోలకి 1280. మీరు పోస్తే తెట్టు కింద పదో వంతు పోతుందనుకోండి, 4.4 కిలోలు కొనాలి, అది 792. తేడా 488 రూపాయలు. అచ్చు, దళసరి ఇనుప మూకుడు, గరిట, తోలు గ్లోవులు, కళ్ళద్దాలు అన్నీ కలిపి పదిహేను వందలు అనుకుంటే, మూడో వల పూర్తయ్యాక, నాలుగో వల దగ్గర మీకు మిగలడం మొదలవుతుంది. కట్టెలూ, ఒక ఆదివారం వేటా పోవడం నేను లెక్కలో వేయలేదు.

ఇంకో ప్రశ్న ఉంది, అది మీరు అడగలేదు. నాలుగు వలలు మీకు ఎన్నేళ్ళకి కావాలి? నూలు చిరుగుతుంది, తాడు పుచ్చుతుంది, గుండు చావదు. మీ తాత వల మీది గుండ్లు మీ నాన్న వలకి ఎక్కే ఉంటాయి. ఏడాదికి రాళ్ళలో తెగి పోయేది ఓ అర కిలో అనుకుందాం. అర కిలో మీద మీకు మిగిలేది 61 రూపాయలు. బరంపురం బస్టాండులో ఇద్దరు టిఫిన్ చేస్తే అయిపోతుంది.

అంటే పొదుపు లేదా? ఉంది, మీరు చూస్తున్న చోట లేదు. మీ ఇంటి అటక మీద పాత వలలు పడి ఉండే ఉంటాయి. వాటి గుండ్లే మీ పొదుపు. మెత్తటి సీసం, ఎక్కడిదో తెలిసిన సీసం, పైసా పెట్టక్కర్లేని సీసం. వాటిలో సగానికి పైగా కరిగించే పనే లేదు. మొద్దు కత్తి మొనతో మడత విప్పి, కొత్త తాడుకి మళ్ళీ నొక్కేయండి. ఒక గుండు రెండు మూడు సార్లు అలా తిరుగుతుంది. చదునై, బీటలిచ్చి ఇక పనికిరానివి మాత్రమే పొయ్యికెక్కాలి. లేదా వాటిని గుండ్లు అమ్మే కొట్టుకే తీసుకెళ్ళి, పాత సీసం ఇచ్చి పోత కూలి కట్టి కొత్తవి పుచ్చుకోవడం కుదురుతుందేమో అడగండి. పాత బంగారం మార్చినట్టు.

ఇప్పటిదాకా డబ్బు మాట్లాడాను. మీ ఆవిడ భయం డబ్బు గురించి కాదు కదా. ఆవిడ భయపడేది పొగ గురించి అయ్యుంటుంది. నిజానికి సీసం ఎర్రగా కాగేంత మంట పెడితే తప్ప పొగ పెద్ద దొంగ కాదు. అసలు దొంగ దుమ్ము. కరిగిన సీసం మీద కట్టే బూడిదరంగు తెట్టు ఆరాక పిండిలా ఉంటుంది. అది చేతి గీతల్లో, లుంగీ మడతల్లో, చెప్పుల కింద ఇంట్లోకి వస్తుంది. చేత్తో బీడీ ముట్టించినప్పుడు నోట్లోకి వెళ్తుంది. పాప నేల మీద పాకి వేళ్ళు చీకినప్పుడు దాని కడుపులోకి వెళ్తుంది. పెద్దవాడు మింగిన సీసంలో ఒంటికి పట్టేదాని కంటే చిన్నపిల్లల ఒంటికి పట్టేది నాలుగైదు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దు కూడా లేదంటుంది. పాపకి జ్వరం రాదు, దద్దురు రాదు. చదువులో, ధ్యాసలో వెనకబడితే మనం పిల్ల మందమతి అనుకుంటాం. ఇక మీ ఆవిడ సంగతి. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముకలు కరిగి సున్నం, అదే కాల్షియం, ఇస్తాయి, దాంతోపాటు దాక్కున్న సీసమూ బయటికొచ్చి బిడ్డకి చేరుతుంది. ఎప్పుడో పదేళ్ళ కిందట చేసిన పని ఇప్పుడు లెక్క అడుగుతుంది.

దీనికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీ ఉత్తరంలో లేదు గానీ మొగ దగ్గర ఒక గంట నిలబడి చూసినవాడికెవడికైనా తెలుసు. విసురు వల వేసేటప్పుడు ఒక పాయ మోచేతి మీద, ఒక పాయ కుడిచేతిలో, గుండ్ల అంచు పళ్ళ మధ్య. ఆ పళ్ళతో పట్టే అలవాటు మీకూ ఉంటే, పొయ్యి వెలిగించకముందే, వీడియో కాల్ చూడకముందే, చిన్నప్పటినుంచీ మీరు సీసం నాకుతున్నారు. కొత్తగా పోసిన గుండు ఇంకా చేటు, దాని ఒంటి నిండా సన్నటి పొడి ఉంటుంది. కొందరు గుండుని పళ్ళతోనే నొక్కి బిగిస్తారు, మీరు ఆ పని చేయరనే నా ఆశ. గుండ్ల వరసకి జానెడు పైన నూలుని పట్టుకోండి, లేదా ఆ పాయని భుజం మీద వేసుకుని విసరడం నేర్చుకోండి. అలా విసిరేవాళ్ళు ఉన్నారు, వల గుండ్రంగానే తెరుచుకుంటుంది. వారం రోజులు మీ వల ముద్దగా పడుతుంది, ఒడ్డున కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. వేట నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగి, పుక్కిలించి, తర్వాతే చద్దన్నం. వలని వరండాలో పాప ఆడుకునే చోట ఆరేయకండి.

సీసం మానేసి వేరేది కట్టుకోవచ్చు కదా అంటే, నిలబెట్టే వలలకి కాల్చిన మట్టి గుండ్లు సరిపోతాయి, పాతకాలంలో అవే కదా. విసురు వలకి కుదరదు. చేప తేరుకునే లోపు అంచు నేలకి తగలాలి. సీసం నీటికంటే 11 రెట్లకి పైగా బరువు, ఇనుము ఎనిమిది రెట్లు కూడా లేదు, కాల్చిన మట్టి రెండు రెట్ల చిల్లర. ఇనుప గొలుసు కడితే కొంత పనవుతుంది గానీ ఉప్పునీళ్ళలో తుప్పు పట్టి వలని తినేస్తుంది. కాబట్టి సీసం మానమని చెప్పను. రాళ్ళలో తెగిన గుండు దొరికితే మాత్రం ఏరుకోండి. బ్రిటన్‌లో గాలం వేసేవాళ్ళు పారేసిన చిన్న సీసం గుండ్లు ఇసుకరాళ్ళనుకుని హంసలు మింగి చచ్చిపోతుంటే, 1987లో ఆ చిన్నవాటి అమ్మకమే ఆపేశారు. బాతు జాతి పక్షులకి మేత అరిగించుకోడానికి గులకరాళ్ళు మింగే అలవాటు. మనకి చిలక సరస్సు పక్కనే ఉంది, చలికాలంలో అక్కడికి ఎన్ని బాతులు దిగుతాయో మీరే నాకంటే బాగా చూసుంటారు.

ఇక నా తీర్పు. ఈ ఏడాదికి పొయ్యి వద్దు. కడుపుతో ఉన్న ఇల్లాలు, నాలుగేళ్ళ పాప ఉన్న ఇంట్లో 488 రూపాయల కోసం ఈ పని చేయకూడదు, చేస్తానన్నా నేను చేయనివ్వను. పాత వలల గుండ్లు విప్పి కట్టుకోండి, తక్కువైనవి కొట్లో కొనండి. ఆ విప్పే పని కూడా ఇంటి బయట, చేతులకి గ్లోవులతో. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, మా ఇంట్లో సీసం వాడతాం, రక్తంలో సీసం పరీక్ష చేయించాలా అని మీ ఆవిడ గురించీ పాప గురించీ అడగండి. పాలు, గుడ్డు, రాగులు, ఆకుకూర సరిగ్గా తినే ఒంటికి సీసం తక్కువ పడుతుంది. సున్నం, ఇనుము చాలని ఒళ్ళే సీసాన్ని ఎక్కువ పీలుస్తుంది.

ఒకటి రెండేళ్ళు పోయాక కూడా మనసు లాగుతూనే ఉంటే, ఉంటుందని నాకు తెలుసు, పోయండి. అదీ వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15కీ జూన్ 14కీ మధ్య, ఊరంతా వలలు కుట్టుకునే కాలంలో. అప్పుడు ఎండ కూడా కావలసినంత ఉంటుంది, ఈ పనికి అది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో నా చెయ్యి చెబుతుంది. పాతికేళ్ళ వయసులో ఒకసారి గరిట కడిగి, సరిగ్గా తుడవకుండా కరిగిన సీసంలో ముంచాను. గరిట గుంటలో ఒక్క చుక్క నీరు ఉంది. నీటి చుక్క ఆవిరైతే పదిహేడు వందల రెట్లు ఉబ్బుతుంది, సీసం అడుగున ఉబ్బితే పైన ఉన్నదంతా ఎగజిమ్మాలి కదా. కళ్ళద్దాలు ఉండబట్టి కళ్ళు దక్కాయి. మోచేతి కింద రూపాయి బిళ్ళంత మచ్చ ఇప్పటికీ ఉంది. విద్యార్థులకి ప్రతి ఏడూ మొదటి పాఠం ఆ మచ్చే.

మీ పాత గుండ్ల సంగతి అంతకంటే ప్రమాదం. వాటి మడతలో తాడు ముక్కలుంటాయి, తాడులో ఉప్పునీరు ఉంటుంది, ఉప్పు గాలిలో తేమనీ పీలుస్తుంది. చూపుకి పొడిగా ఉన్నట్టే ఉంటాయి. తాడు పీకేసి, మంచినీళ్ళలో ఉప్పు వదిలేలా కడిగి, వారం రోజులు రేకు మీద ఎండబెట్టండి. చల్లటి మూకుట్లో ముందే వేసి, అప్పుడు మంట పెట్టండి. కరిగిన సీసంలోకి ఇంకో గుండు వేయడం అనేది ఎప్పుడూ ఉండకూడదు. మొదటి విడత పోసేశాక మూకుడు చల్లారాకే రెండో విడత. మూకుడు ఇనుముదే, అల్యూమినియం గిన్నె అడుగు జారిపోతుంది. ఆ మూకుడూ గరిటా ఇక జన్మలో వంటకి పోకూడదు, వాటికి ఎర్ర రంగు పూసి ఉంచండి. చోటు సరుగుడు తోట అంచున, నీడకి రేకు ఉన్నా గోడలు లేనిచోట, సముద్రపు గాలి మీ వీపుకి తగిలేలా కూర్చోండి. కాగిందో లేదో చూడ్డానికి పాతకాలపు పనివాళ్ళు పొడి కాగితం ముక్క ముంచేవారు. గోధుమరంగుకి మాడితే చాలు, భగ్గున అంటుకుంటే మంట ఎక్కువైనట్టు. చిన్న మైనం ముక్క వేసి ఇనుప పుల్లతో కలిపితే, తెట్టులో చిక్కుకున్న మంచి సీసం కిందికి దిగుతుంది. మైనం మండుతుంది, మొహం దూరంగా పెట్టండి.

అచ్చుకి ఒడ్డున ఇసుక బాగుంటుందనుకోకండి, అడుగున తడి ఉంటుంది. బాగా ఆరిన సముద్రపు నురుగు, అంటే కటిల్ చేప ఎముక, మీ ఒడ్డుకే కొట్టుకొస్తుంది కదా, సన్నటి గుల్ల రాయిలా ఉండేది. కంసాలులు దాన్ని రెండుగా కోసి, వస్తువుని మధ్యలో నొక్కి అచ్చు తీసి వెండి పోయడం ఉంది. సీసానికి అది ఇంకా సులువు. మాడిన వాసన మాత్రం ముక్కుపుటాలదిరేలా ఉంటుంది. నాలుగైదు పోతలకి అచ్చు పాడవుతుంది, మళ్ళీ ఏరుకోండి. లోహపు అచ్చు కొన్నట్టయితే ముందు దాన్ని పొయ్యి పక్కన వేడెక్కనివ్వండి. గుండు ఒంటి మీద ముడతలు పడితే అచ్చు చల్లగా ఉందన్నమాట. బావ కూడా ఇదే చెబుతాడు, ఈ ఒక్క విషయంలో తుపాకీకీ వలకీ తేడా లేదు.

తెట్టుని ఊడ్చేసి బావి వైపు విసరకండి. మూతున్న డబ్బాలో పోసి దాచి, డబ్బా నిండాక సీసం కొనేవాడికే ఇచ్చేయండి. ఆ రోజు కట్టుకున్న బట్టలు విడిగా ఉతుక్కోండి, మీరే ఉతకండి.

చివరికి మావయ్య. తుపాకీకి ఉన్న లైసెన్సు తుపాకీ ఉంచుకోడానికి, గుండ్లు తయారుచేయడానికి కాదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం మందుగుండు తయారీకి వేరే లైసెన్సు కావాలి. ఆ చట్టంలో మందుగుండు అంటే తూటా ఒక్కటే కాదు, దాని భాగాలూ, వాటిని తయారుచేసే సరంజామా కూడా. 2019లో సవరించాక, లైసెన్సు లేకుండా తయారుచేస్తే శిక్ష ఏడేళ్ళకి తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్ళొచ్చు. టెక్సాస్‌లో బావకి అది ఆదివారం కాలక్షేపం, పర్లాకిమిడిలో మావయ్యకి జైలు. ఆయనకి కావలసినవి లైసెన్సు చూపించి, అధికారం ఉన్న దుకాణంలో కొనుక్కోవాలి. అనుమానం ఉంటే కలెక్టరాఫీసులో ఆయుధాల లైసెన్సుల విభాగం వాళ్ళనే అడగమనండి. "అల్లుడు వంద గుండ్లు పోస్తున్నాడు" అని ఆయన నాలుగు ఊళ్ళలో చెప్పకముందే వెళ్ళి కలవండి. ఫోన్‌లో మాత్రం వద్దు. మీరు ఫోన్‌లో "మావయ్యా, ఆ గుండ్ల సంగతి" అని మొదలుపెడితే, పక్కన వినేవాడికి అవి వల గుండ్లో తుపాకీ గుండ్లో తెలియదు కదా.